నర్సమ్మ రాస్తే మందులిస్తారా?

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఇంతమంది తెలుగు నర్సులు ఒకచోట దొరకడమే అరుదు. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాళ్ళూ కనిపిస్తున్నారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పోయిన ఏడాది ఖమ్మం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చింది. తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయాయి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఖాళీ టెల్మా స్ట్రిప్ తీసి నా చేతిలో పెట్టింది. బీపీ చూశాను, రక్తపరీక్ష రాశాను, అదే మందు, టెల్మిసార్టాన్, మూడు నెలలకి ఫార్మసీకి రాసి పంపాను. వెళ్తూ వెళ్తూ కొడుకుని మెల్లగా అడిగింది: "నర్సమ్మ రాస్తే మందులిస్తారా?"

నవ్వొచ్చింది. నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని, అంటే పైచదువు చదివి, పేషెంట్లని పరీక్షించి మందులు రాసే నర్సుని. కానీ ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. టెక్సస్‌లో ఇస్తారు, ఎవరో ఒక డాక్టరు నాతో ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే.

ఆ ఒప్పందం ఇప్పుడున్న రూపంలో 2013 చట్టంతో వచ్చింది. నేను ఎక్కడ పనిచేస్తాను, ఏ రకం మందులు రాయొచ్చు, డాక్టరు నా కేసు షీట్లు ఎన్ని చూడాలి అన్నీ అందులో ఉండాలి. నెలకోసారైనా ఇద్దరం మాట్లాడుకోవాలి. ఆసుపత్రుల బయట ఒక డాక్టరు మామూలుగా ఏడుగురికి మించి ఇలా ఒప్పుకోకూడదు. తమాషా ఏంటంటే, నా లైసెన్సు చూసేది నర్సింగ్ బోర్డు. మందులు రాసే అధికారం మాత్రం ఉన్నది డాక్టర్ల చట్టంలో, 157వ అధ్యాయంలో. మనింటి తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉన్నట్టు.

ఎల్ పాసో దగ్గర ఆంథొనీ అనే ఊరుంది. నిజానికి ఒకే పేరుతో ఆనుకుని ఉన్న రెండు ఊళ్ళు, ఒకటి టెక్సస్‌లో, ఇంకోటి న్యూమెక్సికోలో. అటువైపు నర్స్ ప్రాక్టీషనర్ సొంత లైసెన్సు మీదే క్లినిక్ పెట్టుకుని మందులు రాస్తుంది. చదివింది అదే చదువు, రాసింది అవే జాతీయ పరీక్షలు. ఇటు రాగానే సంతకం కావాలి. ఆర్ఎన్‌లకి, అంటే మామూలు రిజిస్టర్డ్ నర్సులకి, కాంపాక్ట్ లైసెన్సు అని రాష్ట్రాల మధ్య చెల్లే లైసెన్సు ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ డ్యూటీ చేసుకోవచ్చు. మా ప్రాక్టీషనర్ లైసెన్సుకి అది వర్తించదు.

లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి 1965లో కొలరాడోలో ఈ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదలుపెట్టారు. అంటే ఈ వృత్తి పుట్టిందే ఒక నర్సు, ఒక డాక్టరు పక్కపక్కన కూర్చుంటే! అందుకే డాక్టర్లని తిట్టడానికి నేనిక్కడికి రాలేదు. ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి నొప్పి మందులు, ఈ దేశంలో ఎన్ని ఇళ్ళు కూల్చాయో మనం వార్డుల్లో చూశాం, కాబట్టి కట్టుదిట్టం ఉండాల్సిందే. అయితే ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, కుదురు లేని సమస్య, ఉన్న పిల్లాణ్ణి ఏడాదిగా చూస్తున్నది నేనే అయినా, వాడికి రిటాలిన్ నా క్లినిక్ నుంచి రాయలేను. అది షెడ్యూల్ టూ మందు, అంటే అలవాటు పడే ప్రమాదం ఎక్కువని ప్రభుత్వం గట్టిగా కట్టడి చేసిన రకం. డాక్టరు సరేనన్నా నేను రాయకూడదు. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉండబోయే పేషెంటుకో, ఎమర్జెన్సీలోనో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌లోనో అయితేనే వీలు.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. అంతకుముందు పనిచేసినచోట ఒప్పందంలో ఉన్న డాక్టరు గారు రిటైరయ్యారు. యాజమాన్యం ఇంకొకరిని చూడలేదు. శుక్రవారంతో ఒప్పందం కాగితం చెల్లకుండా పోయింది. సోమవారం పొద్దున వెయిటింగ్ రూమ్ నిండా నా పేషెంట్లే. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ రీఫిల్ కూడా పంపలేను. ఒక పెద్దాయన ఖాళీ సీసా ఊపుతూ "శుక్రవారం వచ్చుంటే ఇచ్చేదానివా?" అన్నాడు. ఇచ్చేదాన్నే. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య నా బుర్ర ఏమీ తరగలేదు. చాలాచోట్ల ఆ సంతకానికి నెలనెలా ఫీజు కూడా కడతారు. నా దృష్టిలో దాన్ని అద్దె అనాలి, పర్యవేక్షణ అనకూడదు.

చట్టం మారాలంటే రాజధాని ఆస్టిన్‌లో మారాలి. అక్కడి శాసనసభ మామూలు సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులు. బిల్లు కమిటీలో ఆగిందంటే మళ్ళీ రెండేళ్ళు.

ఈలోగా కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు జీతం కాగితంతో పాటు ఆ ఒప్పందం కూడా అడిగి చదవండి. డాక్టరు తప్పుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఆయన స్థానంలో సంతకం ఎవరిది, ఈ రెండూ చూడండి. నా పాత కాగితంలో ఇవి లేనేలేవు. ఇప్పటిదాంట్లో 90 రోజులని రాయించుకున్నాను, రెండో డాక్టరు పేరు కూడా.