‘పిచ్చోడు వేసిన బొమ్మ’ అని రాసిందెవరు? మూంక్ ‘ది స్క్రీమ్’ రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ఈసారి రివ్యూకి సినిమా తీసుకోలేదు, ఫోనూ తీసుకోలేదు, ఒక అట్టముక్క తీసుకున్నా. నిజంగానే అట్టముక్క. ఎత్తు 91 సెంటీమీటర్లు, వెడల్పు 73న్నర, దాని మీద టెంపెరా రంగు, క్రేయాన్. 1893లో వేసింది, నార్వేలో ఓస్లో నేషనల్ మ్యూజియంలో ఉంది. మీరంతా చూసిందే, ఎమోజీగా ఎన్నోసార్లు వాడేసి కూడా ఉంటారు. రెండు చేతులూ చెంపలకి అదిమిపెట్టుకుని నోరు తెరిచిన ఆ బక్కమొహం. ‘ది స్క్రీమ్’. వేసింది ఎడ్వర్డ్ మూంక్. స్పెల్లింగ్ చూసి నేను చాలా ఏళ్ళు ‘మంచ్’ అనే అన్నాను, మీరు అంటే నవ్వను.

బొమ్మ మధ్యలో ఆ మొహం ఉంది కదా, దాన్ని కాసేపు వదిలేయండి. ఎడమవైపు పై మూలకి రండి. జూమ్ చేస్తున్నా, ఇంకా, ఇంకొంచెం. ఎర్రటి ఆకాశపు గీతల మధ్య చీమలు పాకినట్టు పెన్సిల్ రాత ఒకటి కనిపిస్తోందా? నార్వేజియన్‌లో ఉంది. అర్థం ఏంటంటే, ‘పిచ్చోడు తప్ప ఇంకెవరూ దీన్ని వేసి ఉండరు’.

ఎవరో చూడ్డానికి వచ్చినవాడు ఒళ్ళు మండి గీకిపోయాడని చాలాకాలం అనుకున్నారు. 2021లో మ్యూజియం వాళ్ళు ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీసి, ఆ అక్షరాల్ని మూంక్ డైరీల్లో ఉత్తరాల్లో ఉన్న రాతతో పక్కపక్కన పెట్టి చూసి, ఇది ఆయన చేతిరాతే అని తేల్చారు. అంటే తన బొమ్మ మీద తనే రాసుకున్నాడు. పెన్సిలే కదా, రుద్దితే పోయేది, రుద్దలేదు.

ఎందుకు రాసుంటాడు? 1895లో ఈ బొమ్మని సొంత ఊళ్ళో ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. అప్పట్లో ఓస్లోని క్రిస్టియానియా అనేవాళ్ళు. జనం దుమ్మెత్తిపోశారు. విద్యార్థుల సంఘంలో దీని మీద చర్చ పెడితే ఒక మెడికల్ స్టూడెంట్ లేచి, ఈయన మానసిక స్థితే సరిగా లేదు, ఈ బొమ్మలే దానికి సాక్ష్యం అన్నట్టు మాట్లాడాడు. ఆ గొడవ తర్వాతే మూంక్ ఆ లైను రాసి ఉంటాడని మ్యూజియం అంచనా. వెటకారమా, బాధా? నాకైతే రెండూ కలిసే ఉన్నట్టు అనిపిస్తుంది, మీ ఇష్టం.

ఆ మాట ఆయనకి ఊరికే తగల్లేదు. ఇంటి సంగతి చెప్తాను, త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఈ భాగం చాలామంది వయొలిన్ మ్యూజిక్ వేసి మరీ చెప్పేశారు. 1863లో పుట్టాడు. అయిదేళ్ళ వయసులో తల్లి టీబీతో పోయింది. 1877లో అక్క సోఫీ పోయింది, అదీ టీబీయే, పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి మిలిటరీ డాక్టరు, భక్తి ముదిరి భయంగా మారిన మనిషి. చెల్లెలు లారాకి చిన్న వయసులోనే మానసిక జబ్బు మొదలై, జీవితంలో చాలా భాగం ఆస్పత్రుల్లోనే గడిచింది. ఈ లారా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. కాబట్టి ‘వీడికి మతి సరిగా లేదు’ అని ఎవరైనా అంటే మూంక్‌కి అది తిట్టులా కాదు, ఏదో రోజు తన తలుపు కూడా తట్టబోయేదాని పేరులా వినిపించి ఉంటుంది. ఆ విత్తనం తండ్రి నుంచి తనకీ వచ్చిందని ఆయన రాసుకున్నాడు కూడా.

ఇప్పుడు బొమ్మలోకి వెళ్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. ఆ మనిషి అరుస్తున్నాడనుకుంటాం కదా? 1892 జనవరిలో ఫ్రాన్స్‌లో నీస్‌లో ఉన్నప్పుడు మూంక్ డైరీలో ఒక సంఘటన రాశాడు. ఇద్దరు స్నేహితులతో దారి వెంట నడుస్తున్నాడు, పొద్దుగుంకుతోంది, ఆకాశం ఒక్కసారిగా నెత్తుటి రంగుకి తిరిగింది, ఓపికంతా పోయి కంచెకి ఆనుకుని నిలబడ్డాడు, స్నేహితులు ముందుకెళ్ళిపోయారు, ఈయన మాత్రం వణుకుతూ అక్కడే ఉండిపోయాడు, ప్రకృతి మొత్తంలోంచి అంతులేని ఒక కేక వెళ్తున్నట్టు అనిపించింది. కేక వేసింది ప్రకృతి. ఈయన దాన్ని వింటున్నాడు. బొమ్మలో మనిషి చేతులు చెంపల మీద పెట్టుకోలేదు, చెవులు మూసుకున్నాడు. 1895లో చేసిన నలుపు తెలుపు లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి అచ్చు తీసే బొమ్మ) కింద జర్మన్‌లో ఇదే సంగతి అచ్చు వేయించాడు కూడా, అయినా మనం వినలేదు.

ఇంకోటి చూడండి. ఆకాశం వంకర్లు తిరిగింది, నీళ్ళు వంకర్లు తిరిగాయి, మనిషి కూడా తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగిపోయాడు. కానీ ఈ కంచె? స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. దారి తిన్నగా ఉంది. వెనకాల ఆ ఇద్దరు స్నేహితులు, నల్లగా, రెండు గుంజల్లా నిటారుగా ఉన్నారు. వాళ్ళకేం కాలేదు. వాళ్ళ సాయంకాలం మామూలు సాయంకాలమే. నాకు ఒకసారి లిఫ్ట్‌లో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెవుల్లో హోరుమని, ఇక అయిపోయింది నా పని అనుకున్న క్షణం ఒకటుంది, అప్పుడు పక్కన ఇద్దరు ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది నాకు. తర్వాత డాక్టరు దానికి పానిక్ అటాక్ అని పేరు చెప్పారు. ఈ బొమ్మలో నన్ను పట్టుకున్నది ఆ మొహం కాదు, ఆ ఇద్దరు. పక్కన మనుషులున్నారు, వాళ్ళకి ఏమీ వినబడటం లేదు. ఆ దూరాన్ని ఒక తిన్నటి కంచెతో చూపించిన మనిషిని ఒళ్ళు తెలియకుండా రంగులు పులిమాడంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి రుజువు కూడా ఉంది. 1892లో ఇదే ఆకాశం, ఇదే కంచెతో ఇంకో బొమ్మ వేశాడు, దాని పేరు ‘డిస్పెయిర్’, స్టాక్‌హోమ్‌లో ఉంది. అందులో కంచెకి ఆనుకుని తల వంచుకున్న ఒక మామూలు మనిషి, టోపీతో, పక్కనుంచి కనబడతాడు. బాగుందంతే, చూసి ముందుకెళ్ళిపోతాం. ఏడాది తర్వాత ఆ మనిషిని మనవైపు తిప్పాడు. టోపీ పోయింది, జుట్టు పోయింది, ఆడో మగో తెలియకుండా పోయింది. నేషనల్ మ్యూజియంలో ఉన్న అట్ట వెనక్కి తిప్పితే ఇదే బొమ్మని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ప్రయత్నం ఒకటి ఉంటుంది. 1893లోనే క్రేయాన్‌తో ఇంకోటి, 1895లో పాస్టెల్‌తో ఒకటి, 1910 ప్రాంతంలో మళ్ళీ టెంపెరాతో ఒకటి. ఆ పాస్టెల్ 2012లో న్యూయార్క్ వేలంలో దాదాపు 12 కోట్ల డాలర్లకి పోయింది. కేక ఒక్క క్షణం వినిపించి ఉండొచ్చు. బొమ్మ మాత్రం ఏళ్ళ తరబడి చెక్కిన పని, వేశాడు, నచ్చలేదు, తిప్పాడు, మళ్ళీ వేశాడు.

ఆ ఎర్రటి ఆకాశం అగ్నిపర్వతం బూడిద వల్లనా, అరుదైన మేఘాల వల్లనా అని సైంటిస్టులు కొట్టుకుంటూనే ఉన్నారు, అందులోకి నేను వెళ్ళను. బొమ్మ మీద ఉన్న తెల్ల మరకలు మాత్రం పక్షి రెట్ట కాదట, కొవ్వొత్తి మైనమట, 2016లో పరీక్ష చేసి చెప్పారు. ఆయనకి బొమ్మల్ని వానలో ఎండలో ఆరుబయట పడేసే అలవాటుండేది కాబట్టి రెట్టని అందరూ నమ్మేశారు.

సరే, అయితే ఆయనకి జబ్బే లేదా అంటారా? ఉంది. ‘స్క్రీమ్’ వేసిన పదిహేనేళ్ళకి ఎదురుగా వచ్చి నిలబడింది. తాగుడు బాగా ముదిరింది, గొడవలు, 1902లో ప్రియురాలితో గొడవలో తుపాకీ పేలి ఎడమచేతి వేలు దెబ్బతింది. ఎవరో తనని వెంటాడుతున్నారన్న అనుమానం, లేని గొంతులు వినబడటం. 1908లో కోపెన్‌హాగన్‌లో డాక్టర్ డేనియల్ యాకోబ్సన్ క్లినిక్‌లో తనే వెళ్ళి చేరాడు. సుమారు ఎనిమిది నెలలు ఉన్నాడు. మందు బంద్, విశ్రాంతి, ఒంటికి తేలికపాటి కరెంటు పెట్టడం, ఇదీ ట్రీట్‌మెంట్. కరెంటు అనగానే సినిమాల్లో షాక్ ట్రీట్‌మెంట్ ఊహించుకోకండి, అది 1938లో గానీ రాలేదు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. మనిషి పూర్తిగా పడిపోయి ఉన్నాడు కదా, ఆ స్థితిలోనే ఒక కార్టూన్ వేశాడు, తను కుర్చీలో కూర్చుని ఉంటే డాక్టరు, నర్సు కలిసి ‘ప్రసిద్ధ చిత్రకారుడు మూంక్’కి కరెంటు పెడుతున్నట్టు, కింద కామెంటుతో సహా. తన ఫొటో తనే తీసుకున్నాడు. ఆ డాక్టరుదే నిలువెత్తు పోర్ట్రెయిట్ వేశాడు, నడుము మీద చేతులేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఈ క్లినిక్ నాది అన్నట్టు నిలబడి ఉంటాడాయన, వెనకాల రంగులు మంటల్లా ఎగుస్తుంటాయి. పేషెంటు డాక్టర్ని పరీక్ష చేస్తున్నట్టుంటుంది.

1909లో బయటికొచ్చి నార్వే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వేసిన ‘ది సన్’ చూడండి, ఇదిగో. ఓస్లో యూనివర్సిటీ హాలు గోడ నిండా సూర్యుడు, కొండల మీంచి కిరణాలు ఈటెల్లా దూసుకొస్తుంటాయి. ఆ హాలు బొమ్మలు 1916లో గోడకెక్కాయి. జబ్బు తగ్గాక మూంక్ పని అయిపోయింది, బొమ్మల్లో పస పోయింది అనేవాళ్ళున్నారు. మొహమాటం లేకుండా చెప్తా, తర్వాతవాటిలో కొన్ని నిజంగానే చప్పగా ఉంటాయి, గుర్రాలూ పొలాలూ చూసి నేనూ ఆవలించాను. కానీ 1944లో పోయేనాటికి ఆయనకి ఎనభై ఏళ్ళు, క్లినిక్ తర్వాత ముప్ఫై అయిదేళ్ళు బతికి పనిచేశాడు, చివర్లో మంచానికీ గడియారానికీ మధ్య నిలబడ్డ ముసలాడిగా తనని తాను వేసుకున్న బొమ్మ ఒక్కటి చాలు, ఆ మాట అన్నవాళ్ళ నోరు మూయించడానికి. ఇబ్బంది ఏంటంటే ఆయన కూడా, నా బాధని తీసేస్తే నా కళ కూడా పోతుంది అనే అర్థంలో మాట్లాడాడు, జనం ఆ మాటని పట్టుకుని టీషర్టుల మీద వేసుకుంటారు. ఆయన అన్నాడు సరే, చేసిందేంటి? క్లినిక్‌కి వెళ్ళి తాగుడు మానేసి ఇంటికొచ్చి బ్రష్ పట్టుకున్నాడు. నేను చేసినదాన్నే లెక్కలోకి తీసుకుంటా.

ఇంకో రెండు ముక్కలు. 1937లో నాజీలు జర్మనీ మ్యూజియంలలో ఉన్న ఆయన పనులు 82 పట్టుకుపోయారు, చెడిపోయిన కళ అని ముద్ర వేసి. ఆ మెడికల్ స్టూడెంట్ వాడిన ఆయుధమే, ఈసారి ప్రభుత్వం చేతిలో. ఇంకోటి, ఇప్పుడు ఆయనకి బైపోలార్ అనీ, బోర్డర్‌లైన్ అనీ బొమ్మలు చూసి మానసిక జబ్బుల పేర్లు పెట్టేవాళ్ళున్నారు. మనిషి పోయి ఎన్నో ఏళ్ళు, ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగలేరు, ఆకాశం ఎర్రగా వేశాడని ప్రిస్క్రిప్షన్ రాసేస్తారా?

ఇక లారా. 1900లో వేసిన ‘మెలాంకలీ’ అనే బొమ్మ, ఓస్లోలో మూంక్ మ్యూజియంలో ఉంది. కిటికీ ఉన్న గది, నల్ల బట్టల్లో కూర్చున్న ఒక ఆడమనిషి, చూపు ఎటో ఉంది కానీ దేన్నీ చూడటం లేదు. ముందు టేబుల్, దాని మీద పూలకుండీ. కిటికీ బయట వెలుగుంది, ఆ వెలుగు ఆవిడ దాకా రావడం లేదు. టేబుల్ మీద ఎర్రటి గుడ్డ డిజైన్ చూడండి, మెలికలు మెలికలుగా, కోసి పరిచిన మెదడులా ఉంటుంది. ‘స్క్రీమ్’ ఆకాశంలో ఉన్న మెలికలే, ఇక్కడ ఒక టేబుల్ గుడ్డ మీదకి కుదించుకుపోయి, గదిలో మిగతావన్నీ కదలకుండా ఉన్నాయి. అన్న చేతిలో బ్రష్ ఉంది, క్లినిక్ నుంచి ఇంటికొచ్చే దారి ఉంది. లారా 1926లో పోయింది. ఆవిడ లోపల ఏం వినిపించేదో మనకి ఆవిడ మాటల్లో తెలియదు, అన్న కళ్ళతో చూసిందే తెలుసు. జబ్బే కళాకారుల్ని తయారుచేస్తుందనేవాళ్ళని ఈ బొమ్మ ముందు ఒక పది నిమిషాలు కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు.

రేటింగ్ అడుగుతారు కదా. ‘స్క్రీమ్’కి అయిదుకి నాలుగున్నర, ఆ అర కోసింది బొమ్మ తప్పు వల్ల కాదు, ఎమోజీ వల్ల, కొత్తగా చూద్దామన్నా నవ్వొచ్చేస్తోంది. లారా బొమ్మకి పూర్తిగా అయిదు. స్క్రీన్ మీద ఇంకో నిమిషం ఉంచుతున్నా, ఆ టేబుల్ గుడ్డ మళ్ళీ చూడండి.