నెట్ ఆపిన ఆర్డర్ కాగితం మనకు చూపించాలి

అధ్యక్షుల వారికి, లైబ్రరీ కమిటీ పెద్దలకు, వెనక నిలబడ్డ కుర్రాళ్లందరికీ నమస్కారం. ‘సోషల్ మీడియా, యువత, రాజకీయాలు’ అని టాపిక్ ఇచ్చారు గానీ నేను 2022 మే గురించే మాట్లాడతాను, మన కోనసీమలో ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి.

జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద మే 24న అమలాపురంలో గొడవలై ఇళ్లు తగలబడ్డాయి. ఆ వెంటనే నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులు కాదండీ! వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు భుజాన వేసుకుని సిగ్నల్ కోసం ఏటిగట్ల వెంట తిరిగారు. జనాన్ని పోగేసింది వాట్సాప్ గ్రూపులే అంటారు, నేను కాదనను. కానీ మా వీధిలో ఒక డిగ్రీ అమ్మాయి, ఆ పేరు ఉండాల్సిందేనని గట్టిగా అన్న పిల్ల, ఏ పుకారు వచ్చినా కనుక్కుని మరీ ‘ఇది అబద్ధం’ అని గ్రూపులో పెట్టేది. నెట్ పోయాక పుకారు టీకొట్ల మీదుగా ఊరంతా తిరిగింది, ఆ పిల్ల మాటే ఆగిపోయింది. మీరే చెప్పండి, ఎవరి నోరు నొక్కినట్టు?

ఆర్డర్ చూపించమని ఒక ఆఫీసులో అడిగితే ‘పైనుంచి వచ్చిందండీ’ అన్నారు. పైనుంచి వస్తే మాత్రం కాగితం ఉండదా? నెట్ ఆపే ఉత్తర్వులు బయటపెట్టాలని, గడువు లేకుండా ఆపకూడదని కాశ్మీర్‌లో నెట్ ఆపడం మీద జర్నలిస్టు అనూరాధా భసీన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10నే చెప్పింది. నెట్ ఆపడం మీద అప్పుడున్న 2017 రూల్స్ ప్రకారం, ఆ ఉత్తర్వు సరైనదేనా అని రివ్యూ కమిటీ 5 పనిదినాల్లో చూడాలి. చూశారా లేదా, మనకు చెప్పాలి కదా!

టైమ్ అయిందంటున్నారు, ఒక్క మాట. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల తర్వాత రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి, అక్కడ చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని వెళ్లగొట్టారు. ఆయనేం ఊరుకోలేదు, ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు, అందులో రాతలకు 1908లో జైలుకి పంపారు. మొన్న 2025 సెప్టెంబరులో నేపాల్ సర్కారు 26 సోషల్ మీడియా యాప్‌లు మూసేస్తే కుర్రాళ్లు రోడ్డెక్కారు, చాలామంది చచ్చిపోయారు, ప్రధాని దిగిపోయారు. మన పిల్లలకి ఆ గతి వద్దు. రాళ్లు వద్దు బాబూ, కాగితం అడగండి.

అదిగో ఆ బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాను. హోం శాఖకి, ఫీజు 10 రూపాయలు. ఆర్డర్ కాపీ, రివ్యూ కమిటీ మినిట్స్, రెండూ అడిగాం. వెళ్లేముందు మీ పేరు, అడ్రసు మీరే రాసి సంతకం పెట్టండి.