వదిలేసినవాళ్ళ లెక్క

(ఫార్మ్‌డీ, అంటే ఆరేళ్ళ ఫార్మసీ డాక్టర్ కోర్సు, ఇంటర్న్‌ల మాక్ ప్రజెంటేషన్లకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, డిపార్ట్‌మెంట్ పెద్దలకి నమస్కారం. పొద్దున్నే వార్డు రౌండ్స్ ముగించుకుని ఆప్రాన్లు కూడా విప్పకుండా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. వెనక వరసలో కొందరు ఇంకా ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు దిద్దుకుంటున్నారు. కానివ్వండి, ఏమీ అనుకోను. నేనూ చివరి నిమిషం దాకా అదే పని చేసేదాన్ని.

వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో మీ ప్రాజెక్టులు చెప్పబోతున్నారు కాబట్టి, స్లైడ్ మీద ఎన్ని లైన్లుండాలి, అక్షరం సైజు ఎంత అనేవి చెప్పమన్నారు నన్ను. అవి మీ సీనియర్లు నాకన్నా బాగా చెబుతారు. నేను అమెరికాలో రెసిడెంట్‌గా ఉన్నప్పుడు స్టేజీ మీద నోరు పెగలకుండా నిలబడ్డ రోజు గురించి చెప్తాను.

ముందు ఆ రెసిడెన్సీ, అంటే ఫార్మసిస్టులకి ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణ, దాని సంగతి రెండు ముక్కల్లో. 1927లో మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో హార్వే విట్నీ అనే ఫార్మసిస్ట్ దీన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో దానిపేరు ఇంటర్న్‌షిప్. ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘం, ఇప్పుడు ఏఎస్‌హెచ్‌పీ అంటున్నామే, అది 1942లో పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే. మనకి 2008లో ఫార్మ్‌డీ నిబంధనలు వచ్చినప్పుడు ఆరో ఏడాదిని 'ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ' అన్నారు, గమనించారా? పేరు ఒకటే అయినా పద్ధతి వేరు. అక్కడ చదువయ్యాక, లైసెన్సు తెచ్చుకుని, జీతం తీసుకుంటూ చేస్తారు. ఇక్కడి జీతం మాట ఎత్తితే మీరు నవ్వుతారని తెలుసు.

అక్కడ మొదటి ఏడాదిని పీజీవై1 అంటారు. మామూలుగా జూలైలో మొదలై జూన్‌తో అయిపోతుంది. ఆ పన్నెండు నెలల్లో వార్డు పని, రాత్రి డ్యూటీలు, వీటితోపాటు ఒక రీసెర్చ్ ప్రాజెక్టు. ఆగస్టుకల్లా ప్రశ్న తేల్చుకోవాలి, తర్వాత ఎథిక్స్ బోర్డు. డిసెంబర్‌లో ఏఎస్‌హెచ్‌పీ మిడ్‌ఇయర్ అని పెద్ద జాతర, వేల మంది వస్తారు. అక్కడ రెసిడెంట్ల పోస్టర్లు చూస్తే చాలావాటిలో ఫలితాల గడిలో 'డేటా సేకరణ జరుగుతోంది' అనే ఉంటుంది. తప్పేం లేదు, సగం పనినే చూపించమని పిలుస్తారు. అసలు ఫలితాలు చెప్పేది వసంతంలో, ప్రాంతీయ రెసిడెంట్ కాన్ఫరెన్స్‌లలో. ఇండియానాలో పర్డ్యూ యూనివర్సిటీలో ఒకటి, జార్జియాలో ఏథెన్స్‌లో ఒకటి, ఇలా. వచ్చేది ఎక్కువగా రెసిడెంట్లూ, వాళ్ళకి నేర్పే ప్రిసెప్టర్లే. ఒకేసారి చాలా గదుల్లో నడుస్తుంది. మనిషికి పావుగంట, ప్రశ్నలతో కలిపి. కారిడార్‌లోకి వెళితే గోడకి ఎదురుగా నిలబడి తమలో తాము గొణుక్కుంటున్న వాళ్ళే కనిపిస్తారు, మన దగ్గర వైవా ముందు లాగే.

నా ప్రాజెక్టు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద. ఎమ్ఆర్ఎస్ఏ అనే మొండి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకి ఇస్తాం, మోతాదు మించితే కిడ్నీలు దెబ్బతింటాయి. పాతకాలపు లెక్క ఏమిటంటే, తర్వాతి డోసుకి ముందు ఒకసారి రక్తం తీసి ట్రఫ్, అంటే రక్తంలో మందు అతితక్కువగా ఉన్నప్పటి స్థాయి, చూడటం, సీరియస్ ఇన్ఫెక్షన్లలో అది 15 నుంచి 20 మధ్య ఉంచటం. 2020లో మార్గదర్శకాలు మారాయి. ట్రఫ్ ఒక్కటే చూడొద్దు, ఇరవైనాలుగు గంటల ఏయూసీ, అంటే రోజు మొత్తంలో ఒంటికి అందిన మందు లెక్క, 400 నుంచి 600 మధ్య ఉంచండి అన్నారు. దానికి ఒక దారి, ఒకే డోసు తర్వాత రెండుసార్లు రక్తం తీయడం: ఇన్ఫ్యూజన్ అయ్యాక గంటా రెండు గంటల్లో ఒకసారి, తర్వాతి డోసు ఇవ్వబోయే ముందు ఇంకోసారి. మా ఆసుపత్రి ఈ పద్ధతికి మారింది. మారాక కిడ్నీ దెబ్బతినడం తగ్గిందా అన్నది నా ప్రశ్న. పాత కేసులు తిరగేసి చూడటమే, కొత్తగా ఎవరికీ ఏమీ ఇచ్చింది లేదు.

ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేసి, రాత్రీ పగలూ ఏం చేస్తున్నావే అంది. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. 'మందు ఒంట్లో ఎంతుందో తెలియడానికి రెండుసార్లు సూది గుచ్చి రక్తం తీస్తామమ్మా, అదీ సరిగ్గా టైముకి.' అమ్మ వెంటనే, 'రెండుసార్లంటే ఊరుకుంటారా వాళ్ళు? అర్ధరాత్రి లేపి గుచ్చితే?' అంది. నవ్వి, వంటేం చేశావని మాట మార్చేశాను.

కాన్ఫరెన్స్‌కి ముందు డిపార్ట్‌మెంట్‌లో మూడుసార్లు మాక్ చేయించారు. మా ప్రిసెప్టర్ మంచాయన. పేరు పెట్టి పిలవమనేవాడు, 'సార్' మానడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆయన కూడా స్లైడ్లన్నీ చూసి బావుందన్నాడు. ఫలితం కూడా అనుకున్నట్టే వచ్చింది. కొత్త పద్ధతిలో కిడ్నీ సమస్య తక్కువ. పీ వ్యాల్యూ పక్కన చిన్న నక్షత్రం, అంటే ఈ తేడా కాకతాళీయం కాకపోవచ్చని గుర్తు. ఆ నక్షత్రాన్ని చూసుకుని మురిసిపోయాను.

ఏప్రిల్‌లో ఆ రోజు. నేపథ్యానికే ఆరు నిమిషాలు తినేశాను. వాంకోమైసిన్ అంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాను. పద్ధతి స్లైడ్‌లో 'మినహాయింపులు' అని నాలుగు లైన్లు. డయాలసిస్ రోగులు, కిడ్నీ పనితీరు నిలకడగా లేనివాళ్ళు, రెండో లెవెల్ (రక్తంలో మందు స్థాయి) లేనివాళ్ళు, లెవెల్ తప్పు టైముకి తీసినవాళ్ళు. అంతే, ఎంతమందో అంకె లేదు. వచ్చే స్లైడ్‌కి నొక్కేశాను.

టైము అయిపోతోందని ముందు వరసలో పసుపు కార్డు ఎత్తారు, తర్వాత ఎరుపు. ముగించాను. చప్పట్లు. అప్పుడు వెనక కూర్చున్న ఒకావిడ, నెరిసిన జుట్టు, మెళ్ళో కళ్ళద్దాల తాడు, చెయ్యెత్తి ఆ మినహాయింపుల స్లైడ్‌కి వెనక్కి వెళ్ళమంది. వెళ్ళాను. 'తప్పు టైముకి తీసినవాళ్ళు ఎంతమంది?' అంది. నాకు సుమారుగా తెలుసు. ఈ నాలుగు రకాలూ కలిపి కొత్త పద్ధతి జాబితాలో సగానికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది చివరి రెండు రకాలే. చెప్పాను. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. 'మరి మీ ఆసుపత్రిలో కొత్త పద్ధతి నడుస్తోందో లేదో చెప్పేది వాళ్ళే కదా' అంది.

చేతిలో క్లిక్కర్ ఉంది, నోట్లో మాట లేదు. టెన్షన్‌కి నా వేలు దానంతటదే నొక్కుకుని, తెర మీదికి 'కృతజ్ఞతలు' స్లైడ్ వచ్చేసింది. గదిలో కొందరు నవ్వారు. వెనక్కి వెళ్ళి చూసి చెప్తానండీ అన్నాను.

నిజంగానే వెళ్ళాను. మే నెలంతా వదిలేసిన ఆ చార్టులు మళ్ళీ తెరిచాను. మొదటి లెవెల్ ఆలస్యమైన చాలామందికి అది ఉదయం ఏడుకి నర్సులు డ్యూటీ మారే సమయంలో పడింది. కొందరు రోగులు రెండోసారి గుచ్చడానికి ఒప్పుకోలేదని నోట్సులోనే రాసి ఉంది. అమ్మ అడిగింది సరిగ్గా అదే! నేను చూపించిన మంచి ఫలితమంతా, టైముకి రక్తం తీయగలిగిన, స్థిమితంగా ఉన్న రోగులది. మందు లెక్కలో తేడా వల్ల వచ్చిందో, మనుషుల్లో తేడా వల్ల వచ్చిందో చెప్పలేను. జూన్‌లో రాసిచ్చిన రిపోర్టులో నక్షత్రం చిన్నదైపోయింది, వదిలేసినవాళ్ళ పట్టిక పెద్దదైంది. ఆ పట్టిక చూశాకే మావాళ్ళు బేజియన్ సాఫ్ట్‌వేర్ గురించి, అంటే ముందే తెలిసిన లెక్కలకి రోగి రక్త పరీక్షని జోడించి అంచనా కట్టే ప్రోగ్రామ్ గురించి, మాట్లాడటం మొదలుపెట్టారు. దానికి ఒక్క లెవెల్ సరిపోవచ్చు, టైము కాస్త అటూఇటూ అయినా సర్దుకుంటుంది. కాకపోతే ఏ టైముకి తీశారో నిజం రాయాలి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఇద్దరి నుంచి నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులు మీవి. నిన్న మీ అబ్‌స్ట్రాక్టులు చదివాను. సగం ఏడీఆర్‌ల (మందుల వల్ల కలిగే హాని) మీద, మిగతావి ప్రిస్క్రిప్షన్ల తీరు మీద. ఒక జట్టు, హాని ఆ మందు వల్లే వచ్చిందా అని తూచే నరాంజో స్కేల్ వాడింది. 1981 నాటి స్కేల్, పది ప్రశ్నలు, తొమ్మిదికి తగ్గకుండా వస్తేనే 'డెఫినెట్' అంటాం. మీకు దాదాపు అందరూ 'ప్రాబబుల్', 'పాసిబుల్' దగ్గరే ఆగారు. ఆగక ఏం చేస్తారు? దద్దుర్లు వచ్చినవాడికి అదే మందు మళ్ళీ ఇచ్చి చూడం, మందు స్థాయికి రక్తం పంపం. 'తెలియదు' అని రాసిన చోటల్లా సున్నాయే పడుతుంది. ఆ సున్నాలు ఏ ప్రశ్నలకి ఎన్ని పడ్డాయో ఒక చిన్న పట్టిక వేసి చూపించండి. శాతాలు చూపే మీ గుండ్రటి బొమ్మ (పై చార్ట్) కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఇంకో జట్టు, డిశ్చార్జ్ తర్వాత ఫోన్ చేసి మందులు వాడుతున్నారా అని అడిగింది. ఎత్తనివాళ్ళని తీసేశారు. ఫోన్ ఎత్తనివాళ్ళు ఎవరమ్మా? నంబరు కొడుకుది ఇచ్చి వెళ్ళినవాళ్ళు, కూలికి పోయి సాయంత్రానికి గానీ ఇంటికి రానివాళ్ళు. మందులు మానేసేది కూడా వాళ్ళలోనే ఎక్కువేమో. మీరు మధ్యాహ్నం రెండింటికి చేసి ఉంటారు, మీ డ్యూటీ టైము అది కాబట్టి. ఏ టైముకి చేశారో స్లైడ్‌లో రాయండి. కేస్ షీట్ దొరకలేదని వదిలేసినవి, సొంత ఇష్టంతో డిశ్చార్జ్ అయి వెళ్ళిపోయినవాళ్ళు, అన్నీ అంకెలతో.

ప్రశ్నకి జవాబు తెలియకపోతే తెలియదనండి. 'మంచి ప్రశ్న' అని మొదలుపెట్టి రెండు నిమిషాలు నానబెట్టొద్దు. అడిగినవాళ్ళ దగ్గరికి టీ విరామంలో మీరే వెళ్ళండి. నేను వెళ్ళలేదు. ఆవిడ మెళ్ళోని బ్యాడ్జి మీద పేరు కూడా చదవలేదు, ఇప్పటికీ బాధే.

సరే, టైమర్ ఎవరి దగ్గరుంది? పన్నెండు నిమిషాలకి పెట్టండి. మొదటి జట్టు రండి. నేపథ్యం స్లైడ్లు దాటేసి, ఎంతమందితో మొదలుపెట్టి ఎంతమందితో ముగించారో అక్కణ్ణుంచి చెప్పండి.