పవరూ కావాలి, మైలేజీ కూడా కావాలి: ఇంజిన్ కంప్యూటర్ ట్యూనింగ్ మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారమండి, ఈ గంటంతా ఇంజిన్ కంప్యూటర్ గురించే, అదే ఈసీయూ, ఇంజిన్‌లో ఎంత పెట్రోల్ పోయాలి, ఎప్పుడు నిప్పు పెట్టాలి అని లెక్కేసే డబ్బా. బండికి మార్పులు చేయించుకున్నాక దాన్ని ఎలా సర్దుకోవాలి, పికప్ పెరగాలి, పెట్రోల్ కూడా తగ్గాలి అంటే ఏం చేయాలి, ఇవన్నీ అడగొచ్చు. మాస్టారు స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి కాబట్టి నేను ఎక్కువ మాట్లాడను. హలో, చెప్పండి.

కాలర్ 1: హలో మేడం, సార్ నమస్తే సార్. నాది 1.6 పెట్రోల్, టర్బో లేదు. వాల్వులు తెరిచే కామ్ మార్చా, పొగ గొట్టాలకి హెడర్ వేశా, పెట్రోల్ చిమ్మే ఇంజక్టర్లు నిమిషానికి 240 సీసీవి తీసేసి 440 సీసీవి పెట్టించా, ఈసీయూ మనమే సెట్ చేసుకునే మెగాస్క్వర్ట్. పరిగెత్తడం సూపర్‌గా పరిగెడుతుంది సార్ కానీ పెట్రోల్ తాగేస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగితే వాసనకి నాకే కళ్ళు మండుతున్నాయి. పోనీ ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, పెట్రోల్ తగ్గిద్దామంటే రేడియేటర్ ఫ్యాన్ తిరగ్గానే బండి ఆగిపోతోంది.

మాస్టారు: ఆగు బాబూ, టర్బో లేని 1.6కి 440 సీసీ ఇంజక్టర్లు ఎందుకు?

కాలర్ 1: అదీ... తర్వాత టర్బో వేద్దామని సార్.

మాస్టారు: ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. సరే పెట్టావు కాబట్టి దాంతోనే పోదాం, తప్పేం లేదు, పెద్ద ఇంజక్టర్‌తో కూడా నీట్‌గా ఐడ్లింగ్ తెచ్చుకోవచ్చు. ఐడ్లింగ్‌లో పల్స్, అంటే ఇంజక్టర్‌కి ఒక్కోసారి కరెంటు ఇచ్చే టైం, ఎంత చూపిస్తోంది? ఏఎఫ్ఆర్ ఎంత, అంటే ఒక పాలు పెట్రోల్‌కి ఎన్ని పాళ్ళ గాలి? ఆ అంకె తగ్గితే పెట్రోల్ ఎక్కువని, పెరిగితే తక్కువని.

కాలర్ 1: పల్స్ 2.2 మిల్లీసెకన్లు సార్. దాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంది, ఏఎఫ్ఆర్ 12 పైన.

మాస్టారు: డెడ్ టైం ఎంత పెట్టావు?

కాలర్ 1: అది ముందు నుంచీ 1.0 ఉంది సార్, నేను ముట్టుకోలేదు.

మాస్టారు: వోల్టేజి మారితే దాన్ని సర్దే వోల్టేజి కరెక్షన్?

కాలర్ 1: ...సున్నా అనుకుంటా సార్.

మాస్టారు: నీ జబ్బు అక్కడుంది. చూడు, ఈసీయూ ఇంజక్టర్‌కి కరెంటు ఇచ్చిన క్షణంలోనే పెట్రోల్ పడదు, లోపల కాయిల్ అయస్కాంతంగా మారి సూదిని పైకి లాగాలి కదా, ఆ లాగడానికి పట్టే టైమే డెడ్ టైం, సుమారు ఒక మిల్లీసెకను అనుకో, అంతసేపూ ఈసీయూ పెట్రోల్ పడుతోందనుకుంటే లెక్క తప్పుతుంది. పైగా ఆ టైం ఒకేలా ఉండదు, బ్యాటరీ వోల్టేజి తగ్గితే కాయిల్ బలం తగ్గి సూది ఇంకా ఆలస్యంగా లేస్తుంది. ఇప్పుడు నీ లెక్కే చూద్దాం, 14 వోల్టుల దగ్గర నీ ఇంజక్టర్ అసలు డెడ్ టైం 0.9 అనుకుందాం, అంటే 2.2లో పెట్రోల్ పడేది 1.3 మిల్లీసెకన్లు. ఫ్యాన్ తిరిగింది, వోల్టేజి పన్నెండున్నరకి పడింది, డెడ్ టైం 1.1 అయింది, పడేది కూడా 1.1. దగ్గర దగ్గర 15 శాతం పెట్రోల్ మాయం! బండి ఆగదా మరి? ఆగకుండా ఉండాలని ఐడ్లింగ్‌లో ముందే 15 శాతం ఎక్కువ పోసి పెట్టారు, అందుకే కళ్ళు మండుతున్నాయి.

కాలర్ 1: మరి ఫుల్ రేస్‌లో ఏమీ తెలియట్లేదు సార్, ఏఎఫ్ఆర్ గీత గీసినట్టు 12.8 ఉంటుంది.

మాస్టారు: ఎందుకు తెలుస్తుంది? అక్కడ పల్స్ 8 మిల్లీసెకన్లు ఉంటుంది, అందులో 0.2 అటూ ఇటూ అయితే మూడు శాతం కూడా కాదు. పల్స్ ఎంత చిన్నదైతే ఈ తప్పు అంత పెద్దగా కనిపిస్తుంది, పెద్ద ఇంజక్టర్లు పెట్టినవాళ్ళందరూ ఐడ్లింగ్‌లోనూ, సిటీ డ్రైవింగ్‌లోనూ పెట్రోల్ పోగొట్టుకునేది ఇక్కడే. నువ్వో పని చెయ్యి, బండి దగ్గరే ఉన్నావా? ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వు, ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తనంతట తాను పెట్రోల్ సర్దుకునే కరెక్షన్ ఆపెయ్, హెడ్‌లైట్లు, బ్లోవర్, వెనక అద్దం హీటర్ అన్నీ ఒకేసారి వేసి వోల్టేజి ఎంతకి పడింది, ఏఎఫ్ఆర్ ఎంతకి జరిగింది రాసుకుని మళ్ళీ ఫోన్ చెయ్యి. డెడ్ టైం టేబుల్ సరిగ్గా ఉంటే ఏఎఫ్ఆర్ కదలకూడదు.

యాంకర్: లైన్ ఖాళీగా ఉంచుతాం బాబూ, వెళ్ళి చూసి రా. నెక్స్ట్ కాలర్, హలో?

కాలర్ 2: నమస్కారమండి. నా బండికి వెడల్పు టైర్లు, పెద్ద రిమ్ములు వేయించాను, చూడ్డానికి బాగుందని. అప్పట్నుంచి మైలేజీ పడిపోయింది, ఒక చిప్ వస్తుందట, మెకానిక్ కంప్యూటర్ తగిలించే ఓబీడీ సాకెట్లో గుచ్చితే చాలంట, అది పెట్టించమంటారా?

మాస్టారు: వద్దండి. ఆ డబ్బాలు కొన్ని విప్పి చూశాం, లోపల లైట్లు మిణుకు మిణుకుమనడానికి తప్ప దేనికీ వైర్లు కూడా ఉండవు. అది పక్కన పెట్టి ముందు నాకు ఇది చెప్పండి, పాత టైరుకీ కొత్త టైరుకీ ఎత్తు తేడా ఎంత?

కాలర్ 2: పాతది నిలువునా 600 మిల్లీమీటర్లు, ఇది 635 అన్నారండి.

మాస్టారు: అయితే మీ మీటరే అబద్ధం చెబుతోంది, దాదాపు 6 శాతం. చక్రం పెద్దదైంది, ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతోంది, మీటరుకి ఆ సంగతి తెలియదు, అది చుట్లే లెక్కపెడుతుంది. మీటర్లో 400 కిలోమీటర్లు చూపిస్తే నిజానికి 423 తిరిగారు. 30 లీటర్లు పట్టిందనుకోండి, మీరు 13.3 వచ్చిందని బాధపడుతున్నారు, నిజంగా వచ్చింది 14.1.

కాలర్ 2: అబ్బ! కానీ పడిపోయింది అంతకన్నా ఎక్కువేనండి, ఇంతకుముందు 16 వచ్చేది.

మాస్టారు: బరువు రిమ్ము, వెడల్పు టైరు కొంత తినేస్తాయి లెండి. ఇంకేమైనా చేయించారా అప్పుడే?

కాలర్ 2: ఏం లేదండి... ఆ, ఎండాకాలం వేడెక్కుతోందంటే మెకానిక్ థర్మోస్టాట్, అదే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, తీసేశాడు. ఇప్పుడు వేడే ఎక్కదు, ముల్లు సగానికి కూడా రాదు, చాలా హాయిగా ఉంది.

మాస్టారు: ఆ హాయికే మీరు డబ్బు కడుతున్నారు సార్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, గోడలకి అంటుకుంటుంది, అందుకని ఈసీయూ కూలెంట్ సెన్సర్ చూసి అదనంగా పోస్తుంది, పాత కార్బురేటర్ బళ్ళలో చోక్ లాగేవాళ్ళం గుర్తుందా, అదే పని. ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కకపోతే ఆ చోక్ ఎప్పటికీ పూర్తిగా వెనక్కి వెళ్ళదు. హైవేలో గాలి కొట్టి 60 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది బండి, మీరేమో కొత్త చిప్ వెతుకుతున్నారు. దాన్ని ఎవరు ఎంత ట్యూన్ చేసినా వృథా. థర్మోస్టాట్ కొత్తది వేయించండి, వేడెక్కిన అసలు కారణం, రేడియేటర్ మూసుకుపోవడమో ఫ్యాన్ తిరగకపోవడమో, అది చూడమనండి. ఆ తర్వాత మైలేజీ చూద్దాం.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత లైన్లో ఎవరో అమ్మాయి ఉన్నట్టున్నారు.

కాలర్ 3: నమస్తే మాస్టారూ. నాది 1.8 టర్బో, నేనే ట్యూన్ చేసుకుంటున్నా. బూస్ట్‌లో, అంటే టర్బో గాలి దూర్చేటప్పుడు, బానే ఉంది, ఇప్పుడు హైవే మైలేజీ మీద పడ్డా. వందలో వెళ్తుంటే 2600 ఆర్పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్, అదే ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి, 48 కిలోపాస్కల్స్, టైమింగ్, అదే పిస్టన్ పైకి రాకముందే ప్లగ్గు నిప్పు పెట్టే కోణం, 28 డిగ్రీలు, ఏఎఫ్ఆర్ 14.7. దీన్ని 16కి తీసుకెళ్తే పిస్టన్ కరిగిపోతుందని అందరూ భయపెడుతున్నారు.

మాస్టారు: భలే, నంబర్లు చేతిలో పెట్టుకుని అడిగేవాళ్ళంటే నాకు ప్రాణం. కరగదమ్మా. పిస్టన్ కరిగేది బలంగా తొక్కినప్పుడు లీన్ అయితే, అంటే పెట్రోల్ తక్కువైతే. 48 దగ్గర సిలిండర్లో ఉండేది సగం గాలి, సగం మంట, అక్కడ ఇంజిన్‌కి ఆపద పెట్టేంత వేడి ఎక్కడిది? పవర్, మైలేజీ పోట్లాడుకుంటాయని అందరూ అనుకుంటారు గానీ అవి ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉంటాయి, ఏ ఆర్పీఎంకి, ఎంత ఒత్తిడికి ఎంత పెట్రోల్ అని ఈసీయూలో ఉండే పట్టికలో 16 బై 16 అంటే 256 గళ్ళు, రోజూ తిరిగేవి ఆ కింద వరసల్లో కొన్ని, వాటిని పొదుపుగా పెట్టుకుని పై వరసల్లో పవర్‌కి ఎంత కావాలో అంత పొయ్యి, నిన్నెవరూ ఆపరు.

కాలర్ 3: అయితే 16 పెట్టేయనా?

మాస్టారు: తొందరొద్దు. పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఉందా?

కాలర్ 3: ఉందండి, తీయలేదు.

మాస్టారు: మంచి పని చేశావు. అయితే 14.7 దగ్గరే ఉంచు, గాలీ పెట్రోలూ సరిగ్గా సరిపోయే లెక్క అది. కన్వర్టర్ మూడు విషాలనీ శుభ్రం చేసేది ఆ లెక్క చుట్టుపక్కల మాత్రమే, లీన్ చేస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు అలాగే బయటికొచ్చేస్తాయి, 16 దగ్గర అవి పుట్టడం కూడా ఎక్కువే. పొల్యూషన్ చెక్ సంగతి అటుంచితే ఆ పొగ పీల్చేది మనమే. నీకు మైలేజీ పెట్రోల్ పట్టికలో కాదు, టైమింగ్ పట్టికలో ఉంది. 48 కిలోపాస్కల్స్ దగ్గర 28 డిగ్రీలంటే చాలా పిరికి టైమింగ్. సిలిండర్లో మిశ్రమం పలచగా ఉన్నప్పుడు మంట నిదానంగా పాకుతుంది, నిదానంగా పాకేదానికి ముందే నిప్పు పెట్టాలి, అప్పుడే పిస్టన్ పైదాకా వచ్చి దిగడం మొదలుపెట్టాక, ఒక 15 డిగ్రీల దగ్గర, ఒత్తిడి గరిష్ఠానికి వస్తుంది. చదునైన రోడ్డు చూసుకో, గాలి లేని పొద్దున పూట, అదే స్పీడ్, రెండు డిగ్రీలు పెంచి వెళ్ళు, తిరిగి రా, మానిఫోల్డ్ ప్రెషర్ చూడు. అదే స్పీడుకి 48 కాస్తా 46 అయిందంటే తక్కువ తొక్కుతున్నావన్నమాట, గెలిచావు. ఇంకో రెండు పెంచు. ఇక తగ్గడం ఆగిపోయిన చోట రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి అక్కడ వదిలెయ్యి.

కాలర్ 3: నాకింగ్ వస్తే, అదే మిశ్రమం తనంతట తాను పేలిపోతే, ఎలా తెలుస్తుంది మాస్టారూ, సెన్సర్ ఉంది కానీ నమ్మకం లేదు.

మాస్టారు: చెవిని నమ్ము. పావు అంగుళం రాగి గొట్టం తీసుకుని ఒక చివర సుత్తితో చదును చేసి, బెజ్జం కొట్టి, ఇంజిన్ బ్లాక్‌కి బోల్టుతో బిగించు, రెండో చివర రబ్బరు గొట్టం తొడిగి లోపలికి లాగి చప్పుడు రాకుండా పెట్టుకునే చెవి కప్పులకి కలుపు, డాక్టరు స్టెతస్కోపు లాగా. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని వినాలి, నడిపేవాళ్ళు కాదు. మామూలు గరగర మధ్యలో గాజు మీద గోళీ కొట్టినట్టు టిక్ టిక్‌మని వస్తే కాలు తీసెయ్యి, ఆ గడిలో టైమింగ్ తగ్గించు. హైవే గళ్ళలో రాదులే, బూస్ట్ మొదలయ్యే గళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.

యాంకర్: మాస్టారూ, మీకెప్పుడైనా ఇంజిన్ పోయిందా?

మాస్టారు: ఎందుకు పోలేదూ! నా సొంత బండే. బూస్ట్ ఒక బార్‌కి పెంచా, ట్యూన్ అంతా బాగుంది, 11.6 ఏఎఫ్ఆర్. కానీ పెట్రోల్ ఫిల్టర్ పాతది, పంపు ఇంకా పాతది. బూస్ట్ ఒక బార్ పెరిగితే పెట్రోల్ ప్రెషర్ కూడా 3 నుంచి 4 బార్లకి పెరగాలి, ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు తోసే పెట్రోల్ తగ్గిపోతుంది, ఇది తెలిసి కూడా ఆ రోజు 5500 దగ్గర నా కళ్ళు ఆర్పీఎం ముల్లు మీద ఉన్నాయి, పక్కనే ఉన్న ఏఎఫ్ఆర్ మీటర్ 13.4 చూపిస్తోందని తర్వాత లాగ్‌లో చూశా. ప్లగ్గులు విప్పితే మూడో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు ఉండే వెండి చుక్కలు. అది మసి కాదు, నా పిస్టన్ అల్యూమినియం. అప్పట్నుంచి ఎవరొచ్చినా ముందు పెట్రోల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూడందే లాప్‌టాప్ తెరవను.

యాంకర్: అయ్యో. ఇంకో కాల్, త్వరగా తీసుకుందాం.

కాలర్ 4: సార్, నాది మామూలు పెట్రోల్ బండి, టర్బో లేదు, ఏమీ మార్చలేదు. రీమ్యాప్ చేస్తే, అంటే ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారిస్తే, 30 శాతం పవర్ పెరుగుతుందన్నారు.

మాస్టారు: పెరగదు నాన్నా. టర్బో ఉంటే బూస్ట్ పెంచి గాలి ఎక్కువ దూర్చొచ్చు, నీ ఇంజిన్ పీల్చుకునేది అదే గాలి, సాఫ్ట్‌వేర్‌తో గాలి పుట్టదు. యాక్సిలరేటర్ స్పందన మార్చి కాలు పెట్టగానే ఎగిరేలా చేస్తారు, అదే పవర్ అనిపిస్తుంది. ఆ డబ్బుతో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చుకో.

యాంకర్: మొదటి కాలర్ మళ్ళీ లైన్లోకి వచ్చారు. హలో బాబూ, ఏమైంది?

కాలర్ 1: సార్ చూశా సార్! అన్నీ ఆపితే 14.1 వోల్టులు, ఏఎఫ్ఆర్ 12.3. లైట్లు, బ్లోవర్, హీటర్ అన్నీ వేస్తే 12.7 వోల్టులు, ఏఎఫ్ఆర్ 14.3కి వెళ్ళిపోయింది, ఆపగానే మళ్ళీ 12.3.

మాస్టారు: ఇంకేం, దొంగ దొరికాడు. ఇంజక్టర్ తయారీదారు డెడ్ టైం పట్టిక ఇస్తాడు, ఏ వోల్టేజికి ఎంత అని, అది సంపాదించి ఎక్కించు. అది ఎక్కించాక లైట్లు వేసినా తీసినా ఏఎఫ్ఆర్ కదలకూడదు, అంతదాకా ఐడ్లింగ్ గళ్ళు ముట్టుకోవద్దు. ఆ తర్వాత పెట్రోల్ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రా, నీ కామ్ మార్చినది కాబట్టి 14.7 అని పట్టుబట్టకు, 13.8కో 14కో హాయిగా తిరిగితే అక్కడ వదిలెయ్యి.

కాలర్ 1: మరి పట్టిక దొరక్కపోతే సార్? పెట్టిలో ఏ కాగితమూ రాలేదు.

మాస్టారు: అయితే ఇదే ఆట ఇంకో నాలుగుసార్లు ఆడు, లైట్లు వేస్తూ తీస్తూ, ఏఎఫ్ఆర్ కదలడం ఆగేదాకా వోల్టేజి కరెక్షన్ పెంచుకుంటూ పో. ముందు ఆల్టర్నేటర్ బెల్టు బిగుతు చూడు, ఐడ్లింగ్‌లో లైట్లు వేస్తే 12.7కి పడడం నాకు నచ్చలేదు.

కాలర్ 1: అవును సార్, కీచుమంటోంది కూడా.

మాస్టారు: ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా!