చర్చ: సీటు వచ్చింది, మరి ఫీజు?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో హైస్కూలు ముగించబోతున్న నల్లజాతి అమ్మాయి ముందు ఏయే కాలేజీలున్నాయి, వాటిలో ఏవి ఆమెకు అందుతాయి అన్నది నేటి చర్చ. అమెరికా చరిత్ర బోధించే అధ్యాపకురాలు, అట్లాంటాలో ప్రవేశాల సలహాదారుగా పనిచేస్తున్న తెలుగాయన మనతో ఉన్నారు. మేడమ్, కమలా హ్యారిస్ చదివిన హోవర్డ్ పేరు మనవాళ్లకు తెలుసు. నల్లజాతివారి కోసం వెలసిన ఇలాంటి కాలేజీలు వేరుగా ఎందుకు పుట్టాయి?

అధ్యాపకురాలు: మిగతాచోట్ల తలుపులు మూశారు కనుక. నల్లజాతివారిని చేర్చుకున్న ఓబర్లిన్ కాలేజీ లాంటివి అరుదు. అక్కడ మేరీ జేన్ ప్యాటర్సన్ అనే నల్లజాతి మహిళ 1862లో బీఏ పట్టా అందుకున్నారు. దక్షిణాదిలో అంతర్యుద్ధం ముగిశాకే కదలిక వచ్చింది. స్పెల్‌మన్ కాలేజీ 1881లో అట్లాంటాలో ఒక చర్చి నేలమాళిగలో 11 మందితో మొదలైంది. వారిలో చాలామంది బానిసత్వాన్ని అనుభవించినవారే. 1964కు ముందు నల్లజాతివారి చదువు కోసం వెలసిన సంస్థలను 1965 నాటి చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఇప్పుడవి సుమారు వంద ఉన్నాయి. వాటిలో మహిళా కాలేజీలు రెండే: స్పెల్‌మన్, నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరోలోని బెనెట్.

వ్యాఖ్యాత: స్పెల్‌మన్‌లో సీటొస్తే ఇక చింత లేనట్టేనా?

సలహాదారు: అసలు చింత అప్పుడే మొదలవుతుందండి. ఆర్థిక సాయం వివరాలతో ఉత్తరం వస్తుంది. మొదటి వరుసలో పేదింటి పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, దాన్ని తిరిగి కట్టక్కర్లేదు. తర్వాత కాలేజీ స్కాలర్‌షిప్పు. ఆ కిందే విద్యార్థి రుణం, తల్లిదండ్రుల పేరిట ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్లస్ రుణం. అన్నీ కూడి అడుగున ఒకే మొత్తం వేసి ‘సాయం’ అని రాసిన ఉత్తరాలు ఎన్నో చూశాను. అప్పు సాయం ఎలా అవుతుంది? తల్లి చేతికి పెన్ను ఇచ్చి, తిరిగి కట్టాల్సిన వరుసలన్నీ కొట్టేయమంటాను. కొన్నిసార్లు కాగితం మీద సగం కూడా మిగలదు.

అధ్యాపకురాలు: డబ్బుతోనే తేల్చేయకండి. తరగతిలో తానొక్కతే నల్లజాతి అమ్మాయి అయితే, జాతి గురించి ఏ ప్రస్తావన వచ్చినా అందరూ ఆమె వైపే తిరుగుతారు. స్పెల్‌మన్‌లో ఆ బాధ ఉండదు. పక్కనే ఉన్న మోర్‌హౌస్, క్లార్క్ అట్లాంటా విద్యాసంస్థల్లోనూ పాఠాలు వినవచ్చు. వైద్యం చదవాలనుకుంటే న్యూ ఆర్లీన్స్‌లోని జేవియర్ విశ్వవిద్యాలయం ఉంది. నల్లజాతి విద్యార్థులను వైద్య కళాశాలలకు పంపడంలో దానికి దేశమంతా పేరుంది.

సలహాదారు: కాదనను మేడమ్. కానీ సగటున అందరికంటే ఎక్కువ విద్యారుణం మోస్తున్నది నల్లజాతి మహిళలే. 2011లో ప్లస్ రుణాల నిబంధనలు బిగించినప్పుడు ఈ కాలేజీల పిల్లలే గట్టిగా దెబ్బతిన్నారు. 2025 చట్టం ఆ రుణానికి ఏడాదికి 20,000 డాలర్ల పరిమితి పెట్టింది. అందుకే నేను ముందు నార్త్ కరోలినా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చూపిస్తాను. ఎలిజబెత్ సిటీ స్టేట్, ఫయెట్‌విల్ స్టేట్ రెండూ చారిత్రకంగా నల్లజాతివే. ఆ రాష్ట్రంవారికి ట్యూషన్ ఫీజు సెమిస్టరుకు 500 డాలర్లు, బయటివారికి 2,500. వసతి, భోజనం, ఇతర ఫీజులు వేరే, అవేమీ తక్కువ కాదు.

వ్యాఖ్యాత: బెనెట్ పేరు చెప్పి ఊరుకున్నారు మేడమ్.

అధ్యాపకురాలు: ఆ కాలేజీ అంటే నాకు గౌరవం. 1958లో మార్టిన్ లూథర్ కింగ్ వస్తే గ్రీన్స్‌బరోలో వేదిక ఇవ్వడానికి జంకారు. బెనెట్ అధ్యక్షురాలు విల్లా ప్లేయర్ తలుపులు తెరిచారు. అలాంటి సంస్థకు 2018 డిసెంబరులో ఆర్థిక స్థితి బాగోలేదని, కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ గుర్తింపు రద్దుచేసింది. 50 లక్షల డాలర్ల కోసం జోలె పడితే 95 లక్షలు వచ్చాయి. అయినా అప్పీలు నెగ్గలేదు. తర్వాత వేరే సంస్థ గుర్తింపుతో నిలబడింది.

సలహాదారు: గుర్తింపు పోతే ఫెడరల్ సాయమూ పోతుంది. ఎంత చరిత్ర ఉన్న కాలేజీ అయినా ముందు అది చూసుకోవాలి.

వ్యాఖ్యాత: 2023లో సుప్రీంకోర్టు రిజర్వేషన్లు తీసేసింది కదా, హార్వర్డ్ లాంటి చోట్ల దారి మూసుకుపోయినట్టేనా?

అధ్యాపకురాలు: మన రిజర్వేషన్లతో పోల్చకండి. అక్కడ సీట్ల కోటాను 1978లోనే కొట్టేశారు. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూసే వీలు మిగిలింది, 2023లో పోయింది అదే. తన జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో అమ్మాయి వ్యాసంలో రాసుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది.

సలహాదారు: రాయమనే చెబుతున్నాను. దరఖాస్తు పెట్టేటప్పుడే అక్కడి సాయం అంచనా కూడా తీయిస్తున్నాను. సంపన్న కాలేజీ పూర్తి గ్రాంటు ఇస్తే, పేదింటి పిల్లకు స్పెల్‌మన్ కన్నా అదే చవక కావచ్చు.

అధ్యాపకురాలు: చవకే కావచ్చు. నా కూతురైతే మాత్రం స్పెల్‌మన్‌కే పంపుతాను.