మూరెడు ముచ్చట్లు: మడిచి కొలవాలా, విప్పి కొలవాలా?

సుధాకర్: నమస్కారం. ఈ వారం అమెరికాలో తుపాకి పొడవును చట్టం ఎలా కొలుస్తుందో చెప్పుకుందాం. వాసు టేపు తెచ్చాడు.

వాసు: గొడుగు కూడా తెచ్చాను బావగారూ.

సుధాకర్: ఎవరిది?

వాసు: అక్కది. అడగలేదు.

సుధాకర్: నీకు బుద్ధి రాలేదు. సరే, గబగబా చెప్పేస్తాను. 1934 నాటి ఫెడరల్ చట్టం. రైఫిల్ గొట్టం 16 అంగుళాలు, షాట్‌గన్ గొట్టం 18, రెండింటికీ మొత్తం పొడవు 26. ఇందులో ఏది తగ్గినా రిజిస్టర్ చేయించాలి. 200 డాలర్ల పన్ను ఉండేది, 2026 జనవరి నుంచి అది సున్నా. రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది.

వాసు: అసలు ఆ బిల్లులో మొదట పిస్టళ్లూ ఉన్నాయి. వాటిని తీసేశారు, పొట్టి తుపాకులు మిగిలిపోయాయి. పెళ్లి ఆగినా పందిరి విప్పనట్టు.

సుధాకర్: గొట్టాన్ని బయటి నుంచి కొలవరు. బోల్ట్, అంటే గొట్టం వెనుక చివరను మూసే ఇనుప ముక్క, దాన్ని మూసి, మూతిలోంచి సన్నని కర్ర దించుతారు. అది బోల్ట్‌కు తగిలి ఆగాక, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీసి కొలుస్తారు. మా బిల్డరు అయితే కర్రతో పాటు మెట్లూ లిఫ్టూ కలిపి కొలిచేవాడు.

వాసు: వచ్చింది సూపర్ బిల్టప్!

సుధాకర్: రాదా? ఆ ఫ్లాటు చూపించింది నువ్వే.

వాసు: (కాసేపు ఆగి) డల్లాస్ నుంచి శాన్‌హోసేకు మారుతున్న ఒక శ్రోత అడిగారు, మడత బట్ ఉన్న రైఫిల్ సంగతి. బట్ అంటే భుజానికి ఆనించే వెనుక భాగం. ఫెడరల్ లెక్కలో బట్ విప్పి కొలుస్తారు. కాలిఫోర్నియా మడిచి కొలుస్తుంది. సెమీ ఆటోమేటిక్ సెంటర్‌ఫైర్ రైఫిల్, అంటే నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేల్చి తనే మళ్లీ సిద్ధమయ్యే, తూటా అడుగు మధ్యలో దెబ్బ పడే రకం, అక్కడ 30 అంగుళాలకు తగ్గితే అసాల్ట్ వెపన్ కిందికి, అంటే ఆ రాష్ట్రం నిషేధించిన తుపాకుల కిందికి వస్తుంది. ఇదిగో గొడుగు. మడిస్తే 11, విప్పితే 24. మడిచిన గొడుగు వాన ఆపుతుందా? అందుకే విప్పే కొలవాలి.

సుధాకర్: గొడుగు ఆపదు. తుపాకి మడిచినా పేలుతుంది కదా! కాలిఫోర్నియా అడిగేదీ అదే, పేలగలిగే స్థితిలో అతి తక్కువ పొడవు ఎంత అని. మడిస్తే పేలనిదైతే విప్పే కొలవాలి.

వాసు: అంటే సరిహద్దు దాటగానే అదే ఇనుము పొట్టిదైపోతుందా?

సుధాకర్: స్థలం కొలిచే అంకణం నెల్లూరులో ఒకటి, తిరుపతిలో ఇంకొకటి కాలేదా? నేను మడతకే ఓటు వేస్తాను. కోటు కింద దాచేవాడు విప్పి దాచడు.

వాసు: భుజానికి ఆనించి కాల్చేవాడు మడిచి కాల్చడు.

సుధాకర్: బాల్కనీ ఆరుబయట ఉన్నా గదిలో కలిపి కొలిచినట్టుంది నీ వాదన.

వాసు: ఆ ఫ్లాటు అమ్మేయండి బావగారూ, నేనే కొంటాను!

సుధాకర్: ఏ కొలతకు?

వాసు: ... మూతికి బిగించే తొడుగు సంగతి చెప్పండి.

సుధాకర్: మర తిప్పి ఊడదీయగలిగితే లెక్కలోకి రాదు. వెల్డింగ్ చేసినా, పిన్ను దించి పిన్ను తలపై వెల్డింగ్ చేసినా గొట్టంలో భాగమే. 14.5 అంగుళాల గొట్టాన్ని అలాగే 16కు తెస్తారు. అన్నట్టు, నీ గొడుగు మొన మీద ప్లాస్టిక్ టోపీతో కలిపి కొలిచావు. తీసి కొలువు.

వాసు: ఇది ఊడేది కాదు.

సుధాకర్: లాగు.

వాసు: వచ్చింది. అయ్యో.

సుధాకర్: మళ్లీ పెట్టు.

వాసు: పట్టడం లేదు.

సుధాకర్: మైకు ఆపు. మీ అక్క మెట్లెక్కుతోంది.