ఏ నక్షత్రం, ఏ శతాబ్దంలో?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ ముందు మాట్లాడినవారు పేరుపేరునా తలచుకున్నారు కాబట్టి ఆ సమయం మిగిలింది, నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం "ఐర్లండ్ ప్రాచీన కట్టడాలు, నక్షత్రాలు". న్యూగ్రేంజ్, లాక్‌క్రూ, డ్రోంబెగ్, ఈ మూడూ చెప్పాలని ప్రణాళిక. అయితే ఆ "నక్షత్రాలు" అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. సూర్యుడు అని ఉంటే పేచీయే లేదు.

ముందు సూర్యుడి సంగతి చూద్దాం. మీథ్ కౌంటీలో, బోయిన్ నది ఒడ్డున, సుమారు క్రీ.పూ. 3200లో కట్టిన మట్టి, రాళ్ల దిబ్బ న్యూగ్రేంజ్. అడ్డంగా 85 మీటర్లుంటుంది, చుట్టూ 97 పెద్ద రాళ్లు. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, దాని చివర గది. ప్రొఫెసర్ మైఖేల్ ఓ కెల్లీ 1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ద్వారం పైన ఒక చిన్న రాతి కిటికీ బయటపడింది. దాన్ని రూఫ్ బాక్స్ అంటారు. ద్వారం ఉండగా పైన ఇంకో కంత ఎందుకు? ఇది గమనించండి: దారి లోపలికి పోయేకొద్దీ సుమారు 2 మీటర్లు ఎత్తు పెరుగుతుంది. గది నేల, రూఫ్ బాక్స్ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. ద్వారంలోంచి వచ్చిన వెలుగు దారి మధ్యలోనే నేలకు తగిలి ఆగిపోతుంది. గది దాకా చేరాలంటే పైనుంచే రావాలి. అంటే ఆ కంతకు వేరే పని లేదు.

1967 డిసెంబర్ 21న, అంటే ఏడాదిలో పగలు అతి చిన్నదైన శీతాకాల అయనాంతం నాడు, ఓ కెల్లీ లోపల నిలబడి వెలుగు రావడం కళ్లారా చూశారు. తర్వాత ఆయనే రాసిన కొలతల ప్రకారం 8:54కి సూర్యబింబం అంచు కొండపై కనిపించింది. 8:58కి సన్నని గీతలా వెలుగు గదిని చేరి, 17 సెంటీమీటర్ల పట్టీగా విచ్చుకుంది. 9:15కి ఠక్కున ఆగిపోయింది. మొత్తం 17 నిమిషాలు. కట్టిన కాలంలో ఆ నాలుగు నిమిషాల ఆలస్యం ఉండేది కాదని, పొద్దు పొడవగానే వెలుగు పడేదని లెక్కలు చెబుతున్నాయి. దీనికి కారణం అయన చలనమని, అంటే భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడమని చాలాచోట్ల రాస్తున్నారు. తప్పు. భూమి అక్షం వంపు అప్పట్లో సుమారు 24 డిగ్రీలు, ఇప్పుడు 23.44. సూర్యోదయ స్థానం జరిగింది ఆ వంపు తగ్గడం వల్ల. 5,200 ఏళ్లలో ఆకాశంలో ఆనాటి సూర్యుడి దారి జరిగింది ఆ అర డిగ్రీ పైచిలుకే, ఇంచుమించు తన బింబమంత. అందుకే వెలుగు నేటికీ లోపలికి వస్తోంది.

నక్షత్రాల కథ వేరు. మనం ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14నో 15నో జరుపుకుంటాం. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మీ ఇంట్లో పంచాంగం తీసి అయనాంశ, అంటే అయన చలనం వల్ల నక్షత్రాలతో పోలిస్తే వచ్చిన కోణం తేడా, ఎంత ఉందో చూడండి, 24 డిగ్రీలు దాటి ఉంటుంది. అయన చలనం సుమారు 1,700 ఏళ్లలో తెచ్చిన తేడా అది. 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున 5,200 ఏళ్లకు లెక్క కట్టండి: 72 డిగ్రీలు! కాబట్టి "ఈ దారి ఫలానా నక్షత్రం ఉదయించే చోటుకు చూస్తోంది" అన్నవాళ్లను మొదట అడగాల్సింది, ఏ శతాబ్దంలో అని. కట్టిన తేదీ మీద 300 ఏళ్ల సందేహం ఉంటే, ఆ అక్షాంశంలో కొన్ని నక్షత్రాలు ఉదయించే దిక్కు 3 డిగ్రీల దాకా మారిపోతుంది.

ఇంకో లెక్క ఉంది, దయచేసి కాగితం మీద వేసుకోండి. బాగా మెరిసే నక్షత్రాలు 15 తీసుకుందాం. ఉదయం, అస్తమయం కలిపి 30 దిక్కులు. ఒక్కోదానికి అటు 2, ఇటు 2 డిగ్రీలు వదులు ఇస్తే 120 డిగ్రీలు. ఒకదాని మీద ఒకటి పడకపోతే క్షితిజంలో మూడో వంతు! కళ్లు మూసుకుని పాతిన రాయి కూడా మూడింట ఒక వంతు అవకాశంతో ఏదో ఒక నక్షత్రం వైపు చూస్తుంది. పైగా క్షితిజం దగ్గర గాలి మందం వల్ల చాలా నక్షత్రాలు కాస్త పైకి వచ్చాక గానీ కంటికి ఆనవు. కంప్యూటర్ చూపే ఉదయం వేరు, కంటికి కనబడే ఉదయం వేరు.

న్యూగ్రేంజ్ ముందున్న తెల్లటి స్ఫటిక రాళ్ల గోడ గురించి ఇక్కడ చెప్పాలి, మీరంతా ఫోటోల్లో చూసేది అదే. ఆ రాళ్లు విక్లో నుంచి తెచ్చినవి. గోడ అంత నిటారుగా నిలబడింది మాత్రం ఓ కెల్లీ కాలపు కాంక్రీటు ఆసరాతో. ఆ రాళ్లు అసలు గోడే కాదు, నేల మీద పరచినవని వాదించేవారున్నారు. దారిలో లోపలికి వాలిన రాళ్లను కూడా ఆయన బృందం నిటారుగా నిలబెట్టింది. రాళ్లు వాలితే వెలుగు పట్టీ సన్నబడుతుంది, నిలబెడితే వెడల్పవుతుంది. కాబట్టి ఎవరు కొలత చెప్పినా, మరమ్మతుకు ముందుదా తర్వాతదా అని అడగండి.

మీథ్ కౌంటీలోనే ఉన్న లాక్‌క్రూలో టి అనే సమాధి ఉంది. విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు, ఉదయాన వెనక చెక్కుడు రాయి మీద వెలుగు పడుతుంది. అయనాంతం దగ్గర సూర్యుడి క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి సూర్యుడున్న కోణం, మూడు రోజుల్లో సుమారు 2 కళలే మారుతుంది (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). విషువత్తు దగ్గర రోజుకు 24 కళలు మారుతుంది. ఐర్లండ్ అక్షాంశంలో అది సూర్యోదయ స్థానాన్ని రోజుకు 0.7 డిగ్రీ జరుపుతుంది. సమాధి దారి చూసే దిక్కు కొలతలో 2 డిగ్రీలు తప్పితే తేదీ మూడు రోజులు తప్పినట్టే. డ్రోంబెగ్‌కు సమయం చాలదని చీటీ వచ్చింది, వదిలేస్తున్నాను.

ఇదంతా మనకెందుకు? నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువు రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడ ఒక రాతి మీది గుంటలను సప్తర్షి మండలం అంటున్నారు. వెళ్లి కొలవాలనుకునే పిల్లలు ఈ సభలో ఉంటే వినండి. ఫోన్ దిక్సూచిని నమ్మవద్దు. పక్కన ఇనుము ఉంటే అది ఎటు తిరుగుతుందో చెప్పలేం, పైగా మామూలుగా అది చూపేది అయస్కాంత ఉత్తరం. సూర్యుడి నీడను, సరైన గడియారంతో పట్టుకుని నిజ ఉత్తరం తీయండి. రాళ్ల అడుగు భాగాలనే గురి చూడండి, తలలు వాలి ఉంటాయి. వరుస ఎంత పొడుగైతే అంత మంచిది: 19 మీటర్ల మీద 10 సెంటీమీటర్ల పొరపాటు 0.3 డిగ్రీ, 5 మీటర్ల మీద అదే పొరపాటు డిగ్రీ దాటిపోతుంది. ఎదుటి కొండ ఎత్తునూ కొలవండి. న్యూగ్రేంజ్ దగ్గర ఒక డిగ్రీ కొండ అయనాంత సూర్యోదయాన్ని 1.9 డిగ్రీలు పక్కకు నెడుతుంది. సూర్యుడు నిటారుగా లేచే ముడుమాల్‌లో ఆ తేడా 0.3 డిగ్రీయే, ఆ మేరకు మన పని తేలిక. చివరగా, ఎన్ని రాళ్లు కొలిచారో, అందులో ఎన్ని ఏ దిక్కుకూ సరిపోలేదో, ఆ సంఖ్య కూడా రాయండి. అది లేని కాగితం తెస్తే నేను చదవను.